దినమున కొక గంట

బిడ్డల చదువును గూర్చి మన యిండ్లలో జరుగునంత విచారము వారి యాటలను గూర్చి జరుగదు. పిల్ల పెద్దమనిషి యైనదనగానే మనము మొదట మాన్పించునది ఆట. అంతవఱకు వీధిలో పరుగులు తీసిన పాదములు గుమ్మము దాటుటకు సంకోచించును. దీనిని మనము మర్యాద యనుచున్నాము. ఇందువలన పోగొట్టుకొనుచున్న దేమో యించుక యాలోచింపవలయును.

మన విశాఖపట్టణమున 1999లో యర్రాజి జ్యోతి యను బాలిక జన్మించినది. తండ్రి కావలి కొలువు చేయువారు; తల్లి పరుల యిండ్లలోను, ఆసుపత్రిలోను పనిచేసి సంసారము నీడ్చినది. పోర్టు ఉన్నత పాఠశాలలో చదువుచుండగా వ్యాయామోపాధ్యాయు లామె పొడవును జూచి హర్డిల్సు పందెమునకు తగిన పిల్ల యని గుర్తించిరి. 100 మీటర్ల దారిలో 10 అడ్డుకఱ్ఱలను దుముకుచు సాగు పరుగది. 2016లో నామె హైదరాబాదులోని క్రీడా వసతిగృహమున జేరెను. 20 ఏండ్లుగా నిలిచియున్న జాతీయ రికార్డును 2022లో 13.23 సెకండ్లలో దాటెను. 2023లో బ్యాంకాకునందును, 2025లో దక్షిణ కొరియాలోని గుమీయందును జరిగిన ఆసియా పోటీలలో బంగారు పతకములు గెలిచెను. 2024 పారిస్ ఒలింపిక్సున నీ పందెములో నిలిచిన మొదటి భారతీయ స్త్రీ యామెయే.

ఈ కీర్తి యొక్కరి సొత్తు కాదు. బడి కనిపెట్టినది, వసతిగృహము చేరదీసినది, గురువులు తీర్చిదిద్దిరి. అయినను వీరందఱికంటె ముందుగా పిల్లను మైదానమునకు విడిచినది ఇల్లు. ఇల్లు విడువనిచో తక్కిన చేతు లెన్ని యున్న నేమి ప్రయోజనము?

అందఱు పిల్లలకు పతకములు వచ్చునా యని యడుగవచ్చును. రావు, రానక్కఱయు లేదు. పిల్లలు రేడియో అన్నయ్య, అక్కయ్య యని పిలుచుకొన్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మదరాసున ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించినది పతకములకై కాదు. పాటలతో, నాటికలతో పిల్లలకు సంతోషమును గూర్చుటకే. 5 మొదలు 17 ఏండ్ల వఱకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు వంచి యాడవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అది యెముకలకును, గుండెకును మేలు చేయుటయే గాక మనస్సులోని దిగులును గూడ తగ్గించును. పరీక్షల భారముచే మాటలు తగ్గించి గదిలో ముడుచుకొని కూర్చుండు పిల్లలను మనము చూచుట లేదా?

బడిపంతులుగారి యింటిదానను గనుక నొక సంగతి యెఱుగుదును. సాయంకాలము గంట కొట్టిన పిమ్మట మైదానము బోసిపోవును. తలుపునకు తాళము పడును. బడులకు నాటస్థల ముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పినది. దానిని చీకటిపడువఱకు దెఱపించు పని మనది. వీధిలోని నాలుగైదు కుటుంబముల స్త్రీలు కలిసి పోయి యడిగినచో ప్రధానోపాధ్యాయులు కాదందురా? రేవులోను, ఉక్కు కర్మాగారములోను కొలువు చేయువారిలో ఒకప్పు డాటలలో నారితేరినవా రుందురు. వారిని నేర్పుమని కోరవచ్చును. తల్లులు వంతులవారీగా పిల్లల వెంట పోయి కూర్చుండినచో భయమునకును, లోకుల మాటలకును తావుండదు. ఆ కాస్సేపు ఇంటివద్ద అన్నదమ్ములు నీళ్లు పట్టి, బియ్యము కడిగి యుంచిన తప్పేమి?

పిల్ల పెండ్లికని యేండ్ల తరబడి పైసపైస కూడబెట్టు మనము, దినమున కొక గంట మాత్ర మామె కీయలేమా?