మన తొవ్వకు ఏ టైరు?

బండి కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. రంగేది, మైలేజీ ఎంత, సీట్లెన్ని... వారం రోజులు ఇదే చర్చ. టైర్లు మార్చాల్సి వస్తే మాత్రం 'షాపులో ఏవుంటే అవే వేసెయ్' అనేస్తారు. నిజానికి బండికీ నేలకూ మధ్య ఆనేది టైరుకు అరచేయంత రబ్బరే. అందరి ప్రాణాలూ దానిమీదే!

నకిరేకల్ దగ్గర ఓ నిమ్మరైతు ఇంట్లో ఈ చర్చ కాస్త గట్టిగానే నడిచింది. ఆయనకో జీపుంది. పొద్దున తోటలోంచి నిమ్మకాయల బస్తాలు మార్కెట్‌కు చేర్చాలి. సెలవు రోజు కూతురి పిల్లల్ని ఎక్కించుకుని 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట వెళ్లాలి. టైర్లేమో నున్నబడ్డాయి. మిన్నెసోటాలో ఉంటున్న కొడుకు ఫోన్లో సలహా ఇచ్చాడు.

"నాయినా, ఆల్ టెరైన్ టైర్లు ఏయించు. ఇక్కడ మంచుల గూడ అవే తిరుగుతున్నయ్."

"మనకు మంచెక్కడిది కొడుకా? వానొస్తే తోట తొవ్వల బురదనే నాయె!"

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. అందుకే చలిదేశాల కోసం మెత్తటి రబ్బరుతో ప్రత్యేకంగా టైర్లు చేస్తారు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పలుకు... ఇదీ వాటి గుర్తు. ఆల్ టెరైన్ టైర్లలో కొన్నింటికే ఆ గుర్తు ఉంటుంది. ఉత్త 'ఎం ప్లస్ ఎస్' అక్షరాలుంటే చాలదు. ఇక పూర్తిగా చలికాలం కోసమే చేసిన టైరును నల్లగొండ ఎండల్లో తిప్పితే తొందరగా అరిగిపోతుంది.

మరి బురదకో? ఆల్ టెరైన్ టైరుకు చాళ్లు వెడల్పుగా ఉంటాయి. తిరిగేకొద్దీ మట్టిని బయటికి చిమ్మేస్తాయి. రాళ్ల దారిని బాగా తట్టుకుంటాయి. అయితే తారు రోడ్డెక్కితే మోత ఎక్కువ, డీజిలు ఖర్చూ ఎక్కువే. వాన నీటి మీద బ్రేకు వేస్తే, రోడ్డు కోసమే చేసిన మంచి టైరంత దగ్గర్లో బండి ఆగకపోవచ్చు.

లెక్క తేల్చింది ఇంటి ఇల్లాలే. "బురదల దిగబడితే ట్రాక్టరుతోని గుంజుకొస్తం. పోరగాండ్లతోని పోంగ తారు రోడ్డు మీద జారితే ఎవరు గుంజుతరు?" అంది. ఆయన తిరిగే పది కిలోమీటర్లలో తొమ్మిది తారు మీదే మరి! రోడ్డు టైర్లే వేయించారు. ముసుర్లు పట్టినప్పుడు కాయల బస్తాలు ట్రాక్టరు మీద వస్తాయి. రోజూ గుట్టల వెంట, మట్టి బాటల్లోనే తిరిగేవారికైతే లెక్క తలకిందులవుతుంది. వాళ్లకు ఆల్ టెరైన్ ఖర్చు దండగ కాదు.

ఏ రకం కొన్నా పక్కన ముద్రించిన నాలుగంకెల తేదీ చూడాలి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. పాత సరుకు అంటగడితే వద్దనాలి. కారుకైనా జీపుకైనా చాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరుతో రోడ్డెక్కడం చట్టం ఒప్పదు. చాళ్ల అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే దాని ఆయుష్షు తీరినట్టే. వానాకాలం ముందు ఓసారి వంగి చూస్తే చాలు... పైసా ఖర్చుండదు!