కీర్తికి ముందు మోసిన బరువు

బంగాళాఖాతం నడుమ ఉన్న ఈ దీవులకు, ఉత్తరాంధ్రకు గల బంధం పాతది. విశాఖపట్నంలో ఓడ ఎక్కి వచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుండి దీని పేరు శ్రీ విజయపురం) స్థిరపడిన శ్రీకాకుళం జిల్లా కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అందువల్లనే 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమదాలవలస ప్రాంతపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి కాంస్య పతకం సాధించారన్న వార్త, మా క్వార్టర్లలో ఇంటి శుభవార్త వలె వ్యాపించింది. భారత మహిళకు ఒలింపిక్ పతకం లభించటం అదే ప్రథమం. ఆమెది తమ పక్క ఊరేనని చెప్పుకొనని సిక్కోలు వాసి ఆనాడు నాకు తారసపడలేదు.

ఆ కీర్తి ఒక్క రోజులో వచ్చింది. దాని వెనుక శ్రమ మాత్రం పదమూడేళ్లది. పన్నెండవ ఏట నీలంశెట్టి అప్పన్న గారి శిక్షణలో ఆమె బరువులెత్తటం ఆరంభించారు. ప్రపంచ పోటీలలో 54 కిలోల విభాగంలో 1993లో కాంస్యం, 1994, 1995లలో స్వర్ణం, 1996లో మరల కాంస్యం గెలిచారు. 1999లో పద్మశ్రీ అందుకున్నారు. అయినను సామాన్య ప్రజలలో ఆమె పేరు ఎరిగినవారు కొద్దిమందే. సిడ్నీకి ఆమెను ఎంపిక చేసినప్పుడు పత్రికలలో విమర్శలు సైతం వచ్చాయి.

సిడ్నీలో 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తారు. స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. చివరి యత్నంలో ఆమె స్వర్ణమే లక్ష్యంగా 137.5 కిలోలు కోరారు, అది సాధ్యపడలేదు. దానిని అత్యాశ అన్నవారున్నారు. నేను అంగీకరించను. క్రేన్‌ను సురక్షిత భారానికి మించి పని చేయనివ్వరాదన్నది మా వృత్తిలో శిరోధార్యమైన నియమం. కాని పనిలో పెట్టక మునుపు అదే క్రేన్ చేత నిర్ణీత భారం కంటె 25 శాతం అధికంగా ఎత్తించి పరీక్షిస్తాము. హద్దును దాటి చూచినప్పుడే శక్తిపై నమ్మకం కలుగుతుంది. ఒలింపిక్ వేదిక ఆమెకు అట్టి పరీక్ష.

2004 ఏథెన్స్ క్రీడల తరువాత ఆమె పోటీల నుండి విరమించారు. మన వలెనే ప్రభుత్వ రంగ ఉద్యోగినిగా భారత ఆహార సంస్థలో పనిచేశారు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు. పతకం వచ్చిన పిమ్మట లభించిన ఆదరణ నేటికీ తరగలేదు.

నా మనసును తొలిచేది పతకానికి ముందటి కాలం. 2004 సునామీ నుండి బయటపడిన కార్ నికోబార్ బాలిక డెబోరా హెరాల్డ్, సైక్లింగ్‌లో దేశానికి ప్రాతినిధ్యం వహించే స్థాయికి ఎదిగారు. అటువంటి పిల్లలు మన కాలనీలలోనూ ఉండవచ్చు. సాయంత్రం మైదానానికి బయలుదేరిన ఆడపిల్లను "ఈ ఆటలెందుకు?" అని ప్రశ్నించే బదులు, ఒక జత మంచి బూట్లు కొని ఇద్దాం. జయజయధ్వానాలు చేయటానికి పతకం వచ్చిన నాడు లోకమంతా ఉంటుంది. అంతకు ముందటి పదమూడేళ్లు తోడుండవలసినది మనమే.