గుడ్డు పక్కన పెట్టు మీటరు

పాము గుడ్లు దొరికితే నేను ముందు జేబులోంచి పెన్సిల్ తీస్తాను. పైకి ఏ వైపు ఉందో ఆ వైపు చిన్న గీత. కోడిగుడ్డులా దీన్ని తిప్పకూడదు. పిండం లోపల పెంకుకు అతుక్కుని ఉంటుంది, తిరగబడితే బతకకపోవచ్చు.

ఈ సంగతి తెలిసీ నా మొదటి గుడ్లను పోగొట్టుకున్నాను. జనగామలో పాత ఇల్లు కూలగొడుతుంటే పదకొండు జెర్రిపోతు గుడ్లు బయటపడ్డాయి. అటవీశాఖ అనుమతితోనే పొదగబెట్టాను, 1972 చట్టం ప్రకారం సొంతంగా ఉంచుకోకూడదు. మూతకు బల్బు, ఆ మూతకే థర్మామీటరు, గుడ్ల మీద తడి దూది. మీటరు 29 చూపిస్తోందని ధీమాగా పడుకున్నాను. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా గుడ్ల మీదే పడింది. వారానికల్లా బూజు. పదకొండూ పోయాయి. ఆ డబ్బా కడగడానికి చాలా రోజులు చేతులు రాలేదు.

నాకు పని నేర్పిన అన్న వచ్చి చూసి, "మీటరు మూతకు కాదు తమ్మీ, గుడ్డు పక్కన పెట్టు" అన్నాడు. అంతే. తిట్టలేదు.

కొబ్బరి పొట్టు నానబెట్టి పిడికిట్లో గట్టిగా పిండు. చుక్క రాలకూడదు, పిడికిలి విప్పితే ముద్ద నిలవాలి. గుడ్లు సగం దాకా అందులో కూర్చోవాలి. మూత వాలుగా ఉంటే నీరు పక్కకు జారిపోతుంది. వేడి 28 నుంచి 30, తేమ 80 నుంచి 90 శాతం. గుడ్డు సొట్టపడితే తడి చాలలేదన్నమాట. నీళ్లు గుడ్డు మీద కాదు, డబ్బా అంచున పోయాలి. పిల్లలు వచ్చే ముందు రోజుల్లో సొట్ట మామూలే, కంగారు పడకు. తేమ మీటరును నమ్మే ముందు, సీసా మూతలో తడిపిన ఉప్పుతో కలిపి గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచు. తెల్లారి 75 చూపాలి.

పుస్తకాలు వేడి పెంచడమే చెబుతాయి. మన దగ్గర మే నెలలో రేకుల గదే 40 దాటుతుంది. చల్లబరచడం నాకు నేర్పింది మహబూబాబాద్ దగ్గర తండాలో ఒక అవ్వ. నీళ్ల రంజన్ కింది ఇసుక మీద నా చెయ్యి పెట్టించింది, చల్లగా తగిలింది. అప్పటినుంచి నా డబ్బా తడి ఇసుకలోనే, చుట్టూ తడి గోనె. వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగి గోనె చల్లబరచదు, అప్పుడు తీసెయ్.

భూపాలపల్లిలో దొరికిన నాగుపాము గుడ్లు అలాగే నిలిచాయి. రెండు నెలలకు ఒక తెల్లారుజామున, నేను గీసిన గీత పక్కనే పెంకు చీలింది. ముక్కు బయటికొచ్చింది, నన్ను చూసి మళ్లీ లోపలికి పోయింది. మర్నాటి దాకా రాలేదు. వచ్చాక, నా పెన్సిలంత కూడా లావు లేనిది పడగ విప్పి నిలబడింది. పుట్టుకతోనే విషం ఉంటుంది, చెయ్యి పెట్టకు. కొక్కెంతోనే సంచిలోకి ఎక్కించాలి.