గోపాలపురంలో నాలుగు రోజులు

బరంపురం వాళ్ళకు గోపాలపురం యాత్రాస్థలం కాదు, పెరటి బావి వంటిది. కాగితాల మీద బ్రహ్మపురమైనా మన నోట ఆ ఊరు ఇంకా బరంపురమే గదా. అక్కడి నుండి సముద్రం పదిహేను, పదహారు కిలోమీటర్లు. ఉదయం కాఫీలు కానిచ్చి బయలుదేరితే ఎండ ముదరకముందే స్నానం ముగించుకుని మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరవచ్చు. మా పెద్దలు చేసినదీ అదే, ఇన్నేళ్ళూ మేము చేసినదీ అదే. చుట్టాలు వస్తే చూపించడం, పర్వదినాలలో మునిగి రావడం, అంతే. అటువంటి చోట సొమ్ము పోసి గదులు తీసుకుని నాలుగు రోజులు ఉండబోతున్నామని తెలిసేసరికి మా వీధిలో నవ్వని వాళ్ళు లేరు. "పెరటి బావికి పడవ కట్టించుకుంటున్నారా?" అని పక్కింటి పెద్దాయన అడగనే అడిగారు.

సంగతి ఏమిటంటే, మా అబ్బాయీ కోడలూ పుణేలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళకు రెండేళ్ళు నిండిన ఆడపిల్ల. సంక్రాంతికి వచ్చారు. ఆ పిల్ల మమ్మల్ని రోజూ ఫోనులో చూస్తుంది, ముద్దులు విసురుతుంది. ఎదురుగా నిలబడి చేతులు చాస్తే మాత్రం తల్లి భుజంలో మొహం దాచుకుంది. తల్లిదండ్రులు పనికి వెళ్ళినంతసేపూ శిశుగృహంలో హిందీ, మరాఠీ, ఇంగ్లీషుల నడుమ పెరుగుతున్న పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని నోట పలకదు. ఇంట్లో చూస్తే పండుగ వంటలు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లో, మగవాళ్ళం వీధి అరుగు మీద, పిల్లేమో ఎవరి చేతికీ రాక ఏడుపు. సెలవులు ఇలాగే గడిచిపోతే వచ్చే ఏటికి కూడా ఆ పిల్లకు మేము కొత్తవాళ్ళమే గదా అని దిగులు పట్టుకుంది. "అమ్మ పొయ్యి దగ్గర లేని చోటికి నాలుగు రోజులు పోదాం నాన్నా" అన్నాడు అబ్బాయి. కనుమ నాడు ప్రయాణం కూడదు గనుక ముక్కనుమ కూడా వెళ్ళాక బయలుదేరాము.

మేము దిగిన చోటును రిసార్టు అంటారు. పద్ధతి ఏమిటంటే, ముందుగా ఒకే మొత్తం చెల్లించాలి. గది, ఉదయపు ఫలహారం, రెండు పూటల భోజనం, సాయంకాలపు టీ, ఈతకొలను, పిల్లల ఆటగది అన్నీ అందులోనే. అక్కడ ఉన్నంతకాలం చేతిసంచి విప్పే పని లేదు. మన భాషలో చెప్పాలంటే మగపెళ్ళివారి విడిది వంటిది. కాకపోతే ఇక్కడ ఖర్చు పెట్టే ఆడపెళ్ళివారం కూడా మనమే. గదిలో అడుగు పెట్టగానే ఏమేమి కలిసి ఉన్నాయో అచ్చు వేసిన పట్టిక ఒకటి చేతికిచ్చారు. మా ఇంటావిడ కళ్ళజోడు పెట్టుకుని, కిరాణా చిట్టా చూసినట్టు, మొదటి నుండి చివర దాకా చదివింది.

ఊరి సంగతి నాలుగు మాటలు. ఈనాడు విహారస్థలంగా పేరుపడిన గోపాలపురం ఒకప్పుడు రేవు పట్టణం. ఇక్కడి నుండి ఆవిరి ఓడలు రంగూను పోయేవి. గంజాం జిల్లా కూలీలు, వ్యాపారులు ఈ ఒడ్డునే కన్నవాళ్ళకు వీడ్కోలు చెప్పి బర్మా వెళ్ళారు. 1942లో బర్మా జపాను వారి వశం కావడంతో ఆ ఓడల కాలం ముగిసింది. పాత రేవు కట్టడపు స్తంభాలు కొన్ని శిథిలమై నిలిచి ఉన్నాయి. 1914 నాటి పామ్ బీచ్ హోటలు ఇక్కడిదే. మేము దిగినది అది కాదు లెండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమై, ఈ ప్రాంతం మద్రాసు నుండి విడిపోయి అందులో చేరింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను తీరం దాటినది ఈ ఊరి దగ్గరే. ముందుగా లక్షలాది జనాన్ని తరలించారు గనుక ప్రాణనష్టం చాలా తగ్గింది. ఆ రాత్రి బరంపురంలో తలుపులు బిగించుకుని కూర్చున్న మా వంటి వాళ్ళకు ఈ సముద్రం మీద ప్రేమతోపాటు భయం కూడా ఉంది.

ఇక విడిది మర్యాదలు. భోజనశాలలో బల్లల మీద ముప్పై రకాల పదార్థాలు వరుసగా పేర్చారు. పెద్దవాళ్ళం ఏది వదలాలో తెలియక తికమకపడ్డాము. పిల్ల మాత్రం తికమకపడలేదు, అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. ముప్పై రకాల నడుమ మా పిల్ల పస్తు! మా గొడవ విని వడ్డించే కుర్రవాడు దగ్గరికి వచ్చి, "పాపకు ఏం కావాలమ్మా?" అని తెలుగులో అడిగాడు. ఇచ్ఛాపురం వాడట. లోపలికి వెళ్ళి గిన్నెలో మెత్తటి అన్నం, పనివాళ్ళ కోసం వండుకున్న దాల్మా తెచ్చిపెట్టాడు. కందిపప్పు, గుమ్మడికాయ, అరటికాయ, బొప్పాయికాయ కలిసి ఉడికి, పైన జీలకర్ర పొడి వాసన. ఒరియా ఇరుగుపొరుగు నుండి మన ఇళ్ళలోకి ఏనాడో వచ్చి చేరిన వంటకమే గదా! పిల్ల గిన్నెడు తిని మళ్ళీ నోరు తెరిచింది. నాలుగు రోజులూ రెండు పూటలా అదే. అచ్చు వేసిన పట్టికలో దాల్మా లేదు.

పట్టికలో లేనిది ఇంకొకటి కూడా ఉంది. మొదటి రాత్రి పదిన్నరకు పిల్ల లేచి పాల కోసం ఏడ్చింది. వంటశాల పదికే మూసేస్తారట, పాలు దొరకవన్నారు. అన్నీ కలిసి ఉన్న చోట గ్లాసెడు పాలు కలవలేదు! కోడలు తన సంచిలో నుండి పాలపొడి డబ్బా తీసి, గదిలోని నీళ్ళ కెటిలుతో పని గడిపింది. మరునాడు మేనేజరుతో చెబితే, పది లోపల ఫ్లాస్కు నిండా పాలు పోసి గదికి పంపే ఏర్పాటు చేశారు. అడిగితే చేస్తారు, ఆ అడగడం మాత్రం మనకు తెలియాలి.

అంతకన్నా పెద్ద సంగతి ఈతకొలను. దాని చుట్టూ కంచె, కంచెకు చిన్న గేటు ఉన్నాయి. రెండో రోజు మా అబ్బాయి పిల్లను ఎత్తుకుని అటు వెళ్ళినప్పుడు గేటు గడియ పడడం లేదని చూశాడు. వేలితో నెడితే తెరుచుకుంటోంది. వెంటనే వెళ్ళి చెప్పాడు. "సాయంత్రానికి చూస్తాము సార్" అన్నారు. "చూసేదాకా ఇక్కడ మనిషిని నిలబెట్టండి" అని మేము కూడా వెళ్ళి పట్టుబట్టాము. నిలబెట్టారు, సాయంత్రానికి గడియ మార్చారు. ఇది చాదస్తం అనుకోకండి. లోకం మొత్తం మీద నీట మునిగి పోయే వాళ్ళ రేటు ఒకటి నుండి నాలుగేళ్ళ వయసు పిల్లలలోనే అన్ని వయసుల కన్నా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసిపిల్ల మునిగేటప్పుడు కేక వేయదు, చేతులు ఊపదు. చప్పుడు లేకుండా నిమిషాలలో జరిగిపోతుంది. అందుచేత నీళ్ళ దగ్గర పిల్ల ఎప్పుడూ చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. ఎవరి వంతు ఎప్పుడో మేము ముందే పంచుకున్నాము. వంతు ఉన్న వాళ్ళు ఫోను ముట్టకూడదు. "అందరూ చూస్తున్నారు" అంటే ఎవరూ చూడడం లేదని అర్థం అని మా ఇంటావిడ తీర్మానించింది.

సముద్రం దగ్గరికి మొదటి రోజు తీసుకువెళ్ళినప్పుడు పిల్ల కెరటం హోరు వినగానే కీచుమని అరిచి తల్లి మెడ కరచుకుంది. గోపాలపురం ఒడ్డు వాలుగా దిగుతుంది, అల ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చి విరుగుతుంది. పెద్దవాళ్ళకే కాలు నిలవదు. అక్కడ ఇసుక మీద కూర్చున్న ఒక ముసలి నోలియా మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. ఒరియావాళ్ళు నోలియాలని పిలిచే ఈ బెస్తలు మన తెలుగువాళ్ళే. పూరీలోనూ ఇక్కడా వేటతోపాటు యాత్రికుల చేయి పట్టుకుని సముద్రస్నానం చేయించడం వాళ్ళ వృత్తి. తరాలు గడిచినా ఇంట్లో మాట తెలుగే.

"సిన్నపాపను ఎత్తుకొని నీళ్ళలోకి దిగకండమ్మా. అల కాలు తీసేస్తాది, ఇద్దరూ పడతారు" అన్నాడు కోడలితో. "మరి ఎలాగ తాతా?" అంది కోడలు. "సముద్రాన్నే పాప దగ్గరికి తెస్తాను, కూకోండి" అన్నాడు.

అల అందే చోటికి చాలా ఎగువన, తడి ఆరని ఇసుకలో చేతులతో గుంట తవ్వాడు. అడుగున నీరు ఊరింది. కొబ్బరిచిప్పతో మరి కాస్త ఉప్పునీరు తెచ్చి పోశాడు. పిల్ల పక్కన మా ఇంటావిడను కూర్చోబెట్టాడు. కొంతసేపటికి ఏడుపు తగ్గింది. ఇంకొంతసేపటికి చిప్ప పిల్ల చేతిలో ఉంది. ఆటగదిలో రంగురంగుల బొమ్మలు గదినిండా ఉండగా నాలుగు రోజులూ ఆ చిప్ప వదలలేదు.

మగవాళ్ళం స్నానానికి దిగబోతే మాకూ పాఠం చెప్పాడు. "కెరటానికి ఈపు సూపకండి బాబూ. అటూ ఇటూ అలలు తెల్లగా ఇరుగుతా ఉంటే మజ్జిన ఒక సోట నున్నగా, నల్లగా ఉంటాది సూడండి. మంచిసోటని అందరూ అక్కడికే పోతారు. నీరు లోనకి లాగేది అక్కడే. లాగితే ఎదురీదకండి, ఒడ్డు ఎంబడే పక్కకి ఈదండి." ఈత నేర్పే వాళ్ళు పుస్తకాలలో రాసేదీ ఇదే. ఆయన చదువుకోలేదు, చూసి నేర్చుకున్నాడు. ఆయనకు ఇచ్చిన సొమ్ము మాత్రం విడిగా ఇచ్చాము. రిసార్టు పట్టికలో సముద్రస్నానం లేదు. ఎవరి పూచీ వాళ్ళదేనని అడుగున రాసి ఉంది.

ఎండకు జడిసి ఉదయం తొమ్మిది లోపల, సాయంత్రం నాలుగు దాటాక మాత్రమే ఒడ్డుకు వెళ్ళేవాళ్ళం. నడుమ పిల్ల నిద్ర. ఆ వేళలోనే రిసార్టు వాళ్ళు ఆటలు, పాటలు ఏర్పాటు చేసేవారు. మేము ఒక్కదానికీ పోలేదు. పిల్ల నిద్రకు వాళ్ళ పట్టిక లొంగదు.

మూడో రోజు ఉదయం పిల్ల గుంటలో కూర్చుని కెరటాలను చూస్తోంది. ఒక్కొక్క అల విరిగి వెనక్కు పోగానే నోలియా తాత చేయి చాపి, "మళ్ళీ వస్తాది, సూడు" అనేవాడు. రెండు రోజులుగా అంటున్నాడు. ఆ వేళ పెద్ద అల ఒకటి విరిగి, నురుగు జారిపోయి, ఒడ్డు నిశ్శబ్దమైంది. "మళ్ళీ!" అంది పిల్ల. మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఇంకో అల వచ్చింది. "మళ్ళీ!" అని చప్పట్లు కొట్టింది. ఆ తరువాత అన్నానికి మళ్ళీ, కథకు మళ్ళీ, ఉయ్యాలకు మళ్ళీ. నాలుగో రోజు సాయంకాలం ఇసుకలో పీత కలుగు ఒకటి కనబడితే, ఎవరూ పిలవకుండా వచ్చి మా వేలు పట్టుకుని లాగింది. ఆ కలుగు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు.

ఇంతకూ ఖర్చు గిట్టిందా అని బరంపురంలో అందరూ అడిగారు. తిన్న తిండితో లెక్క కడితే గిట్టలేదు. ఆటగది, కొలను, పాటకచేరీ మేము వాడుకున్నది స్వల్పం. కాని నాలుగు రోజులూ పన్నెండు పూటలు మా ఇంటావిడ అందరితోపాటు కూర్చుని, వేడివేడిగా, ఎవరికేం తక్కువైందో చూడకుండా భోజనం చేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడను అలా కూర్చోబెట్టడం మా ఇంట్లో మాకు చేతకాలేదు. కోడలు మధ్యాహ్నం పిల్లతోపాటు నిద్రపోయింది. పగటినిద్ర పోయి రెండేళ్ళయిందట. ఆ సొమ్ము అందుకు చెల్లించామనుకుంటే ఎక్కువ కాదు.

పసిపిల్లలతో వెళ్ళదలచిన వాళ్ళకు మా మాట ఇది. చలికాలంలో వెళ్ళండి. అక్టోబరు, నవంబరు నెలలు తుపాను రోజులు గనుక వాతావరణ సూచన చూడకుండా కదలవద్దు. సొమ్ము కట్టకముందే రాత్రి పాలు దొరుకుతాయా, కొలనుకు గడియ ఉన్న కంచె ఉందా, రాలేకపోతే ఎంత తిరిగి ఇస్తారు అని అడగండి. కింది అంతస్తు గది కోరండి. పాలపొడి, టోపీ, ఓఆర్ఎస్ పొట్లాలు, పిల్లకు అలవాటైన దుప్పటి వెంట తీసుకువెళ్ళండి. ఒడ్డున నోలియాను చూస్తే తెలుగులో పలకరించి, బేరం ఆడకుండా సాయం తీసుకోండి. పిల్లలను ఆ మాటలు వినబడే దూరంలో కూర్చోబెట్టండి.