లక్నో అబ్బాయి, గుయ్యిమనే పెట్టె

రండి రండి, ఇలా కూర్చోండి. ముందు ఆ లైటు ఆర్పేయండి. ఫోను కూడా పక్కన పెట్టాలి, ఆఁ! ఇప్పుడు నేను చెప్పేది కళ్ల ముందు చూసుకోవాలి మీరు.

లండన్‌లో ఓ సందు. పొగమంచు. గస్తీ తిరుగుతున్న పోలీసు ఒకాయన పాత సామాన్ల కొట్టు గేటు దగ్గర ఆగి, ఓ చూపు చూసి వెళ్లిపోతాడు. ఆయన అటు పోగానే గేటు దానంతట అదే తెరుచుకుంటుంది. కెమెరా మెల్లిగా లోపలికి నడుస్తుంది, పిల్లిలాగా. విరిగిన సామానూ చెత్తా చెదారం మధ్య నిలువెత్తు పోలీసు పెట్టె ఒకటి. వీధిలో ఏదైనా జరిగితే స్టేషనుకు ఫోను చేయడానికి అప్పట్లో అక్కడ మూలమూలనా ఉండేవి అలాంటివి. సరే, పాతదైపోయింది, కొట్లో పడేశారు, అనుకుందాం. మరి ఆ గుయ్యిమనే చప్పుడేమిటి? ప్రాణమున్నట్టు?

చూశారా, అప్పుడే కుర్చీలో ముందుకు జరిగారు! అరవై ఏళ్ల కిందటి బొమ్మండీ ఇది. నలుపు తెలుపు. 1963 నవంబరు 23, శనివారం సాయంత్రం బీబీసీలో వచ్చింది. 'డాక్టర్ హూ' అనే సీరియల్‌కు మొదటి భాగం. ఆ పెట్టె డాక్టర్ అనే ముసలాయనది, కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే బండి. బయటికి ఇద్దరు ఇరుక్కుని నిలబడేంత, లోపలికి వెళ్తే పెద్ద హాలంత.

తీసిందెవరో తెలుసా? మన లక్నోలో పుట్టిన కుర్రాడు. వారిస్ హుస్సేన్. అప్పటికి 24 ఏళ్లు.

తల్లి అత్తియా హొస్సేన్. ఇంగ్లీషులో నవల రాసిన లక్నో ఆవిడ, లండన్ వెళ్లాక బీబీసీ రేడియోలో పనిచేసింది. పిల్లాడు బడి వయసులోనే ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలో సాహిత్యం చదివాడు. అక్కడ నాటకాలు ఆడిస్తూ ఉంటే ఆ బృందంలో ఎవరెవరున్నారనుకున్నారు? డెరెక్ జాకబీ, ఇయాన్ మెకెలెన్! ఆ తర్వాత మహానటులైన ఇద్దరూ అప్పటికి ఈయన చెప్పినట్టు నడిచిన తోటి విద్యార్థులే.

ఇంత చదువూ చదివి, 1960లో బీబీసీలో చేరి, షేక్‌స్పియరో చెకోవో తీద్దామని ఎదురు చూస్తుంటే చేతికేం వచ్చింది? తోళ్లు కట్టుకుని నిప్పు కోసం కొట్టుకునే గుహ మనుషుల కథ. మొదటి భాగం అయిపోగానే ఆ పెట్టె రాతియుగానికి పోతుంది మరి. నీరసం రాదూ? వచ్చింది. ఆ మాట ఆయనే తర్వాత చెప్పుకున్నాడు కూడా.

అయితే నాకు ఆయన మీద ప్రేమ పుట్టిందే ఇక్కడ. నచ్చని పనిని ఎడంచేత్తో చేసి పారేయలేదు. పిల్లల ప్రోగ్రామే కదా అని తేలిగ్గా తీసుకోలేదు. విషాద నాటకానికి ఎంత శ్రద్ధ పెడతారో, ఆ గుహకూ అంతే పెట్టాడు. అందుకే ఆ పొగమంచు ఇప్పటికీ చల్లగా తగులుతుంది.

ఏ వసతులతో అనుకున్నారు? బీబీసీ వాళ్ల లైమ్ గ్రోవ్‌లో డి స్టూడియో. ఇరుకు, ఉక్కపోత. లైట్ల వేడి ఎక్కువైతే మంటలార్పే నీళ్ల గొట్టాలు వాటంతటవే చిమ్మడం మొదలెట్టేవట! కెమెరాలు పాతవి, బరువైనవి. ఇప్పటిలా ముక్కలు ముక్కలుగా తీసి అతికించుకునే వీలు లేదు. టేపు కోయడమంటే ఖరీదైన పని. నాటకంలా మొదట్నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే ఊపులో ఆడించేయాలి.

మొదటిసారి తీసింది కుదరలేదు. ఆ బండి తలుపులే సరిగ్గా మూసుకోక మొరాయించాయి. డాక్టరేమో మరీ కసురుకునే ముసలాయనగా తేలాడు. పై అధికారి, కెనడా నుంచి వచ్చిన సిడ్నీ న్యూమన్, చూసి మళ్లీ తీయమన్నాడు. తీశారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కు 27 ఏళ్లు. ఒక ఆడపిల్ల, ఒక లక్నో కుర్రాడు, నెత్తిన ఒక కెనడా ఆయన. అప్పటి బీబీసీ పెద్దమనుషుల మధ్య ఈ ముగ్గురినీ ఊహించుకోండి ఓసారి.

తీరా ప్రసారానికి ముందురోజే అమెరికాలో కెనడీ హత్య. ఎవరి మనసు మనసులో ఉంది? పైగా చాలాచోట్ల కరెంటు పోయింది. పాపమనిపించి, మరుసటి శనివారం రెండో భాగానికి ముందు మొదటిది మళ్లీ వేశారు.

అన్నట్టు, ఆ పెట్టె కదిలేటప్పుడు ఓ రొప్పే చప్పుడు వస్తుంది. బ్రయన్ హాడ్జ్‌సన్ అనే ఆయన పాత పియానో లావు తీగల మీద ఇంటి తాళంచెవి పెట్టి గీకి పుట్టించాడు దాన్ని. తాళంచెవండీ! ఎంత ముద్దుగా ఉందో చూడండి.

తర్వాత వారిస్ చాలానే తీశాడు. 'ఎడ్వర్డ్ అండ్ మిసెస్ సింప్సన్'కు బాఫ్టా అవార్డు వచ్చింది. 'మెలొడీ' సినిమాను జపాన్ వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. 2013లో ఈ తొలిరోజుల మీదే ఓ టీవీ సినిమా తీస్తే, వారిస్‌గా వేసిన సచా ధవన్ తర్వాత అదే డాక్టరుకు బద్ధశత్రువుగా సీరియల్లో చేరిపోయాడు. బాగుంది కదూ?

నన్నడిగితే వారిస్ తీసినవాటిలో బంగారం అదే సీరియల్లో 1964 నాటి 'మార్కో పోలో' కథ. ఏడు భాగాలు. రాక్షసుల్లేరు, పరాయి గ్రహాల్లేవు. అంత గొప్పగా విన్నాక చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ వస్తాడు, ఎలా? కీళ్ల నొప్పులతో మూలుగుతూ! డాక్టరుకేమో నడుం పట్టేసింది. ఇద్దరు ముసలాళ్లూ ఒకరి నొప్పులు ఒకరికి చెప్పుకుని, పాచికలాటకు కూర్చుంటారు. డాక్టరు ఏనుగుల్నీ గుర్రాల్నీ గెలిచి, చివరికి తన బండి కోసం పందెం కాసి ఓడిపోతాడు. అబ్బ, చూడాలని ఎంత ఉబలాటమో!

చూడలేం. టేపులు చెరిపేశారు. ఎంత పని చేశారండీ! మిగిలింది మాటలే, అదీ అప్పట్లో ఎవరో ఇళ్లలో టీవీ ముందు రికార్డరు పెట్టుకుని పట్టుకున్నవి. ఇంకొకటి కూడా మిగిలింది. ఆ రోజుల్లో జాన్ క్యూరా అనే ఆయన ఇంట్లో టీవీ తెర మీది బొమ్మల్నే ఫొటోలు తీసి, ఆ ప్రోగ్రాములు తీసినవాళ్లకూ నటించినవాళ్లకూ అమ్మేవాడు. వారిస్ కొనుక్కున్నాడు, దాచుకున్నాడు. నలభై ఏళ్ల తర్వాత ఆయన దగ్గరే బయటపడ్డాయవి, ఆరు భాగాలవి. నాలుగో భాగానివి లేవు. అదొక్కటీ వేరే ఆయన తీశాడు.