గోడ వారన మిగిలిన ట్రంకుపెట్టె

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు ఇంటికి వెళ్లిన మా నేస్తం ఒకడు తిరిగి హాస్టలుకు రాలేదు. వాళ్ల నాన్న ఇటుక బట్టీ మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడట. అది తీరేదాకా ఇంటిల్లిపాదీ బట్టీ దగ్గరే ఉండాలట. వాడి ట్రంకుపెట్టె నెల రోజులు గోడ వారన అలాగే ఉంది. తర్వాత వాళ్ల చిన్నాన్న వచ్చి తీసుకుపోయాడు. హాజరు పుస్తకంలో వాడి పేరు కొట్టేశారు. మేము రెండు రోజులు బాధపడి, పరీక్షల గొడవలో మరిచిపోయాం.

డిగ్రీలో చేరాక ఫ్రాంజ్ కాఫ్కా 'మెటమార్ఫసిస్' చదివాం. 1915లో జర్మన్ భాషలో అచ్చయిన కథ అది. గ్రెగర్ సంసా అనే సేల్స్‌మన్ ఒక ఉదయం నిద్ర లేచేసరికి పెద్ద పురుగైపోయి ఉంటాడు. మనిషి ఒంటరితనాన్ని చెప్పే కథ అని, అస్తిత్వవాదులకు ఇష్టమైన కథ అని మా మాస్టారు పాఠం చెప్పారు. నిజమే. కానీ మా మనసుకు తగిలింది వేరు. పురుగైపోయాక కూడా గ్రెగర్ బెంగ అయిదు గంటల రైలు తప్పిపోయిందనే! తల్లిదండ్రులు యజమానికి పడ్డ బాకీ తీర్చడానికే అతను ఆ ఉద్యోగం చేస్తున్నాడు. ఇక సంపాదించలేడని తేలాక ఇంట్లోవాళ్లకే బరువయ్యాడు. ఆ పేజీల్లో మాకు మా నేస్తమే కనిపించాడు.

1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' మాకు ఇంకా దగ్గరిది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే పేద విద్యార్థి మనసులో ఒక్క రోజులో మెదిలే ఆలోచనలే ఆ నవల. బతుకుకు అర్థమేమిటనే ప్రశ్న, జేబులో డబ్బు లేని బాధ అతనిలో కలిసే ఉంటాయి. దోపిడీ గురించి రాస్తే సామాజిక సాహిత్యమని, లోపలి వేదన గురించి రాస్తే అస్తిత్వవాదమని కొందరు రెండు అరలు చేస్తారు. హాస్టల్లో పెరిగిన మాకు ఆ రెంటి మధ్య గోడ ఎన్నడూ కనిపించలేదు.

మనిషి తన ఎంపికలతోనే తనను తాను తయారుచేసుకుంటాడన్నాడు సార్త్ర్. అడ్వాన్సు కింద తాకట్టు పడ్డ పిల్లవాడికి ఎంచుకోవడానికి ఏముంటుందని మొదట కోపం వచ్చింది. తర్వాత ఆ మాట మా వైపే తిరిగింది. వాడికి దారి లేదు సరే, మాకుంది కదా! వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి మాకప్పుడు తెలియదు. కానీ వార్డెన్ సారు దగ్గరికి వెళ్లి, "సార్, వాడెందుకు రాలేదో కనుక్కోండి" అని అడగడానికి చట్టం తెలియనక్కర్లేదు. మేము అడగలేదు.

తమ్ముళ్లారా! మంచి పుస్తకాలు చదవండి. వాటితో పాటు, సెలవులయ్యాక మీ పక్క చాప ఖాళీగా ఉంటే ఊరుకోకండి. ఆ రోజే వెళ్లి అడగండి.