ప్రియత్వము దేనియందున్నది? – ఒక బ్రౌజరు నేర్పిన పాఠము



అంతర్జాలమున చూడవలసిన పుట ఒక్కటియే అయినను దానిని చూపు ద్వారములు అనేకములు. ఆ ద్వారమునే లోకము బ్రౌజరు అనుచున్నది. కొందరు తెలుగువారు దానికి విహరిణి అని పేరు పెట్టిరి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్, ఒపేరా – వీనిలో ఏ ద్వారమున ప్రవేశించినను తిరుమల దర్శన టిక్కెట్టు ఒక్కటియే, పంచాంగములోని తిథి ఒక్కటియే. అట్లయినచో ఒకరికి ఒకటి ప్రియమగుటకు, మరియొకరికి అదియే అప్రియమగుటకు హేతువేమి? ఈ ప్రశ్న అల్పముగా తోచవచ్చును. కాని కడప జిల్లాలోని ఒక కుటుంబమున ఇది కంటనీరు పెట్టించినది, కనుక విచారణార్హమే.

ఆ కుటుంబములో తండ్రి ప్రొద్దుటూరున ఒక బంగారు అంగడిలో లెక్కలు వ్రాయును. కుమారుడు పులివెందులలో ఇంజనీరింగు విద్యార్థి. తండ్రికి తల్లియైన అవ్వ జమ్మలమడుగులో, నారాపుర వేంకటేశ్వరస్వామి ఆలయమునకు నడచిపోగల దూరములో, ఒంటరిగా నివసించును. ముగ్గురికిని మూడు బ్రౌజర్లు.

తండ్రికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్ప మరియొకటి రుచించదు. దానికి తొలుత న్యాయమైన కారణమే ఉండెను. 2000 తరువాతి తొలి సంవత్సరములలో తెలుగు దినపత్రికలు తమ తమ సొంత ఫాంట్లతో పుటలు ప్రకటించెడివి. ఫాంటును పుటతోపాటు పంపు ఆ విధానము మైక్రోసాఫ్ట్ వారిది. కనుక ఎక్స్‌ప్లోరరులో చక్కని తెలుగు కనబడెడిది. ఇతర బ్రౌజర్లలో అర్థములేని అక్షరముల గుంపు కనబడెడిది. ఫైర్‌ఫాక్స్ వాడువారి కొరకు ‘పద్మ’ అను పొడిగింపు వచ్చి, ఆ లిపిని యూనికోడ్‌లోనికి మార్చి చూపెడిది. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, పత్రికలు దానిలోనికి వచ్చుటకు చాల కాలము పట్టెను. వచ్చిన పిమ్మట ఏ బ్రౌజరైనను తెలుగును చూపగలిగెను. కారణము తొలగినది, తండ్రి అలవాటు తొలగలేదు. కుమ్మరి చేయి తీసిన పిదపను సారె తిరుగుచునే యుండునని వేదాంతులు ప్రారబ్ధమునకు దృష్టాంతము చెప్పుదురు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌ప్లోరరునకు స్వస్తి చెప్పువరకు అంగడి కంప్యూటరులో ఆ సారె తిరుగుచునే యుండెను.

కుమారునిది వేరొక మార్గము. అతడు ఫైర్‌ఫాక్స్ భక్తుడు. లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషను దాని వెనుక ఉన్నదనియు, దాని మూలసంకేతము ఎవరైనను పరిశీలింపవచ్చుననియు, వాడువాని జాడలను వెంటాడువారిని అది అడ్డగించుననియు అతని వాదము. ఫోనుతో వచ్చిన క్రోమే చాలుననువారిని చూచి అతడు నవ్వెడివాడు. ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్ అని నామరూపములు వేరైనను వాని మూలద్రవ్యము క్రోమియం ఒక్కటియే. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు చెప్పిన మృత్తికా దృష్టాంతము ఇక్కడ చక్కగా అన్వయించునని అతనికి చెప్పినవారును కలరు. అతని ఎంపిక వివేకముతో కూడినదే. కాని వివేకమునకు నీడవలె అహంకారము వెంటవచ్చుట అతడు గమనింపలేదు.

అవ్వది ఎంపికయే కాదు, వారసత్వము. తాతగారు కొన్న చిన్న ఫోనులో యూసీ బ్రౌజరు ఉండెను. 2016 సెప్టెంబరులో జియో రాకముందు డేటా మిక్కిలి ఖరీదు. యూసీ, ఒపేరా మినీ వంటివి పుటను తమ సర్వర్లలో కుదించి పంపెడివి గనుక కొద్ది డేటాతోనే పని జరిగెడిది. మితవ్యయియైన తాతగారికి అది నచ్చినది. ఆయన నలుబది స్తోత్రముల పుటలను, తాను పారాయణ చేయు వరుసలోనే, అందులో బుక్‌మార్కులుగా దాచుకొనిరి. ఆయన గతించిన పిదప అవ్వ ప్రతి ప్రాతఃకాలమున ఆ వరుసలోనే చదువుకొనుచుండెను.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము 59 అనువర్తనములను నిషేధించెను. అందు యూసీ బ్రౌజరు ఒకటి. కరోనా వలన కళాశాల మూతపడి మనుమడు అప్పుడు జమ్మలమడుగులోనే ఉండెను. ఒక రాత్రి అవ్వ నిద్రించుచుండగా అతడు ఆ బ్రౌజరును తొలగించి, ఫైర్‌ఫాక్స్ పెట్టి, మంచి పని చేసితినని తృప్తిపడెను. దానితో నలుబది బుక్‌మార్కులును పోయెను. రెండు దినములలో తాతగారి ఆబ్దికము.

‘‘అవ్వా, అది పనికిరాదని గవర్నమెంటే చెప్పింది. నేను చేసింది తప్పెట్లయితది?’’ అని మనుమడు.

‘‘తప్పని నేననలేదు నాయనా. తీసే ముందర నన్నొక మాట అడగాల్సింది. అవి మీ తాత పెట్టుకున్న గుర్తులు’’ అని అవ్వ.

ఆబ్దికమునకు వచ్చిన తండ్రి కోపోద్రిక్తుడయ్యెను. తండ్రీకొడుకుల నడుమ మాటలు నిలిచిపోయినవి.

ఇచట దోషమెవరిది? కఠోపనిషత్తులో యముడు ప్రేయస్సును, శ్రేయస్సును వేరుచేసి చూపెను. నచికేతుడు ప్రేయస్సును తిరస్కరించెను; కాని తనకు ఇవ్వబడినదానిని మాత్రమే తిరస్కరించెను, పరుల చేతిలోనిదానిని లాగివేయలేదు. కర్మాసక్తుల బుద్ధిని విద్వాంసుడు కలత పెట్టరాదని గీత తృతీయాధ్యాయమున భగవానుడు హెచ్చరించెను. మనుమడు కోరినది శ్రేయస్సే; కాని అడుగక చేసిన మేలు అవ్వకు శోకమైనది.

అవ్వ శోకమునకును విచారణ కలదు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధించినది ఇదియే: వస్తువు వస్తువు కొరకు ప్రియము కాదు, ఆత్మ కొరకే ప్రియము. అవ్వకు ప్రియమైనది బ్రౌజరు కాదు. భర్త ఏర్పరచిన వరుసయు ఆమెలో లేనిది కాదు. ఏండ్ల తరబడి చదివినందున అది ఆమె ధారణలోనే ఉన్నది. ఆబ్దికము ముగిసిన సాయంకాలము ఆమెకే ఈ స్ఫురణ కలిగెను. మనుమని పిలిచి, ‘‘రా, కూర్చో. నేను చెప్తా, నువ్వు పెట్టు’’ అనెను.

ఆమె వరుసగా చెప్పెను. అతడు వెదకి, పాఠము సరియైనదో కాదో ఆమెకు చదివి వినిపించి, ఫైర్‌ఫాక్స్‌లో దాచెను. పని పదునొకండు సాయంకాలములు సాగెను. అంతవరకు స్తోత్రముల పేర్లే ఎరుగని మనుమడు వాని అర్థమును అడుగసాగెను. ముప్పదియేడు లభించినవి. మూడు ఆమెకు ఎంతకును గుర్తురాలేదు. ‘‘ఆ మూడూ మీ తాత దగ్గరే ఉండనీలే’’ అని ఆమె ఊరకుండెను. మనుమడు మాత్రము ఊరకుండలేకపోయెను; ఆ మూడింటి లోటు అతనిని నేటికిని బాధించుచున్నది. ఆ బాధయే అతనికి గురువు.

మనము ఒకదానిని ప్రియమనునప్పుడు అది మూడు విధములుగా వచ్చియుండును. ఫోనుతో వచ్చిన బ్రౌజరువలె అడుగకయే వచ్చినది ఒకటి. కారణము తీరినను విడువని అలవాటు రెండవది. విచారించి ఎన్నుకొన్నది మూడవది. మొదటిది సంస్కారము, రెండవది వాసన, మూడవది వివేకము. సాధకుడు తన ఇష్టమును ఈ మూడింటిలో ఏదియని పరీక్షించుకొనవలెను. ఇతరుల ఇష్టమును ముట్టుకొనుటకు ముందు మాత్రము, ఆ పరీక్షకన్న ముందుగా, ఒక మాట అడుగవలెను.

స్వస్తి.